ముందు బ్రేకు

ఖమ్మం,
12 నవంబరు 2006, ఆదివారం.

ఇవాళ్టి పనులు: మంచినీళ్లు నాలుగు బిందెలు, రెండు దుప్పట్లు ఉతకడం, మిరపకాయలు తొడిమలు తీయడం సగం, గ్యాసు పొయ్యి బర్నర్లు శుభ్రం, పెద్దోడి యూనిఫారానికి గుండీలు. మిగిలింది ఈ ఉత్తరం.

తమ్ముడు సంతోష్‌కు పుష్పక్క దీవెనలు.

బాపుకు దగ్గు తగ్గిందా? యాడి మోకాళ్లకు నూనె పంపుతున్నాను, కన్నతల్లికి ఆమాత్రం చేయకపోతే ఎట్లా. వేడి చేసి రాయమను, చల్లగా రాస్తే దండగ.

ఇక అసలు సంగతి. నీ కోసం ఒక బండి చూశాను. వైరా రోడ్డులో ఒక రిటైరైన పంతులుగారి ఇంట్లో ఉంది. యమహా, పాతదే. కానీ మొదటి నుంచీ ఒకే మనిషి పేరు మీద ఉంది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. నేను మూడుసార్లు వెళ్లి చూశాను. మూడోసారి మీ బావను తీసుకెళ్లి నడిపించాను. ఆయన కరెంటు ఆఫీసులో బండ్లు చూసిన మనిషి కదా, ఇంజిను బాగుందన్నాడు. దీన్ని మన అడవి బాటకు తగ్గట్టు చేయించాలి. వాగులో దిగాలి, గుట్ట ఎక్కాలి. ఆ తర్వాత ఖమ్మం బజారులో పోలీసు ముందు నుంచి దర్జాగా కూడా పోవాలి. రెండూ ఒకే బండి చేయాలి.

ఎందుకంటావని తెలుసు. నిరుడు ఎండాకాలం దవాఖానాలో నువ్వు మత్తులో ఉన్నావు. నేను మెలకువగా ఉన్నాను. మోకాలి కింద నుంచి నీ కాలు తీసేసిన మర్నాడు, నువ్వు ఆకు లెక్కలు రాసిపెట్టే ఆ మురళీకృష్ణ బత్తాయిల సంచి పట్టుకుని వచ్చాడు. మన తండా పెద్ద బద్యా నాయక్‌ను కూడా వెంట తెచ్చాడు. నా ఎదురుగానే నాయక్‌తో అన్నాడు, "కుర్రాడు తాగి పడ్డాడండీ. నా బండి కూడా తుక్కయింది." నువ్వు కల్లు ముట్టవని నాయక్‌కు తెలుసు. అయినా బీడీలకు తునికాకు కొనే కాంట్రాక్టరు మాట కదా, నమ్మాడు. తండాలో పంచాయితీ పెట్టి, బండి ఖరీదు కింద బాపు ఎడ్ల జతను విప్పి ఆయన మనిషి చేతికిచ్చారు.

నువ్వు తోలిన ఆ బండికి, అడవిలో ఇసుక మీద పోవడానికి పెద్ద చక్రం కావాలని వేరే బండి ముందు చక్రం తెచ్చి తగిలించింది ఆయన షెడ్డులోనే. దానికి బ్రేకు కుదరకపోతే వదిలేసిందీ అక్కడే. ఇది నువ్వు నాకు చెప్పావు, నేను అందరికీ చెప్పాను, ఎవరూ వినలేదు. ఆ బత్తాయిలు నేను వీధి ఆవుకు వేశాను.

బండి కొంటున్నాను. వద్దని రాయకు.

నీ అక్క,
పుష్ప

*

బద్యాతండా, జూలూరుపాడు మండలం,
26 నవంబరు 2006.

అక్కకు నమస్కారం.

వద్దని రాస్తే నువ్వు వింటావా? చిన్నప్పుడు రేగుపండ్ల కోసం కొట్టుకున్నప్పుడే వినలేదు.

బండి ఉంటే మంచిదే. ఉప్పు, సబ్బులు, అగ్గిపెట్టెలు వేసుకుని గుట్ట అవతలి గూడేలకు పోతే రోజు గడుస్తుంది. అక్కడికి జీపు పోదు, నడిచి పోయేసరికి పూట దాటిపోతుంది. అయితే ఒక ఇబ్బంది ఉంది. ఆ బండికి కిక్కు కుడివైపు, వెనక బ్రేకు కుడికాలి కిందే. నాకు లేనిది కుడికాలే. జైపూర్ కాలుతో నడవగలను, చెప్పులేసుకుంటే ఎవరూ గుర్తుపట్టరు. కానీ ఆ రబ్బరు పాదానికి పెడల్ ఎంత లోతుకు పోయిందో తెలియదు. బ్రేకు వేశానో లేదో చక్రం చెబితే గానీ తెలియదు.

మురళీకృష్ణ గారి సంగతి వదిలెయ్ అక్కా. ఆయన పేరెత్తితే బాపు అన్నం దగ్గర నుంచి లేచిపోతున్నాడు. ఇప్పుడు పక్కింటి ఎడ్లు కిరాయికి తెచ్చి దున్నుతున్నాం. వాళ్ల దుక్కి అయ్యాకే మనకిస్తారు కాబట్టి ఎప్పుడూ అదను తప్పే. అయినా బతుకుతున్నాం.

తమ్ముడు
సంతోష్

*

ఖమ్మం,
9 జనవరి 2007, మంగళవారం.

చిరంజీవి సంతోష్‌కు,

బండి మన ఇంటికి వచ్చి నెల దాటింది. బైపాస్ దగ్గర గోపాలు అనే మెకానిక్కు పని అప్పజెప్పాను. నేను రోజూ మధ్యాహ్నం గిన్నెలు తోమాక వెళ్లి ఒక స్టూలు వేసుకుని కూర్చుంటున్నాను. మొదట్లో అతనికి చిరాకు. "అమ్మా, మీరు ఇంట్ల ఉండుండ్రి, నేను చేస్త గదా" అన్నాడు. "పప్పు పొయ్యి మీద పెట్టి పక్కింటికి పోతనా?" అన్నాను. ఇప్పుడు నా స్టూలు అతనే తుడిచి పెడుతున్నాడు.

అయిన పనులు చెబుతాను. వెనక పళ్లచక్రం పెద్దది వేశాడు, గుట్ట ఎక్కేటప్పుడు బండి ఏడవదు. వెనక గడ్డల టైరు. ఇంజిను కింద రాళ్లు తగలకుండా మందపు రేకు. వాగు నీళ్లు పోకుండా సైలెన్సరును పైకెత్తి పక్కన బిగించాడు. ముందు చక్రం మార్చలేదు. మార్చనివ్వలేదు. దాని బ్రేకు విప్పించి, కొత్త షూలు వేయించి, నా చేత్తో నొక్కి చూశాను.

నీ వెనక బ్రేకు దగ్గర గోపాలు తెలివితేటలు చూపించాడు. ఒకే పిడికి రెండు కేబుళ్లు కట్టి, ఒక్కసారి నొక్కితే రెండు చక్రాలూ ఆగేట్టు చేశాడు. సందు చివర తడి మట్టి మీద తనే తోలి చూసుకుని, తనే పడ్డాడు. మోచేయి దోక్కుపోయింది. లేచి దుమ్ము దులుపుకుని, "వేర్వేరుగ పెడతనమ్మా" అన్నాడు. ఇప్పుడు ముందు బ్రేకు కుడిచేతికి. వెనక బ్రేకు ఎడమచేతి క్లచ్చి కింద చిన్న పిడి, బొటనవేలితో నొక్కాలి. కుడికాలి దగ్గర పెడల్ తీసేయించాను. ఉంటే అలవాటు కొద్దీ తొక్కుతావు.

కిక్కుకు ఉపాయం నేనే కనిపెట్టాను. బండి దిగి కుడివైపు నిలబడి, ఎడమకాలితో తన్నాలి. కొంగు బిగించి నేను నాలుగుసార్లు తన్నాను, అయిదోసారికి అందుకుంది. మీ బావ గేటు వేసేశాడు, వీధి చూస్తుందని.

ఇక ఆర్టీవో ఆఫీసు. నీ కాలికి సర్టిఫికెట్టు, బండి మార్చినట్టు అర్జీ, నీ లైసెన్సుకు పరీక్ష. వచ్చే వారం నువ్వు రావాలి. తెల్లచొక్కా వేసుకుని రా.

అక్క

*

బద్యాతండా,
4 ఫిబ్రవరి 2007.

అక్కకు,

క్షేమంగా చేరాను. బండి కూడా.

ఇన్‌స్పెక్టరు గారి ముఖం నాకింకా గుర్తొస్తోంది. గడ్డల టైరు చూశాడు, ఎత్తిన సైలెన్సరు చూశాడు, బొటనవేలి బ్రేకు రెండుసార్లు నొక్కించాడు. చివరికి "చీర గార్డు ఏదయ్యా?" అన్నాడు. అడవి బండికి చీర గార్డేంది సారూ అని నేను నవ్వబోతుంటే నువ్వు సంచిలోంచి తీసి చూపించావు! వెనక కూర్చునేవాళ్లకు కాళ్లు పెట్టే కడ్డీలు కూడా తెచ్చావు. ఆయన నిన్ను చూసి "మీరు ఏ కంపెనీలో చేస్తారమ్మా?" అన్నాడు. తండాలో ఇది చెబితే యాడి మూడు రోజులు నవ్వింది.

ఒక తప్పు జరిగింది. ఎత్తిన సైలెన్సరు సరిగ్గా నా కుడికాలి పక్కన ఉంది. మొన్న గుట్ట ఎక్కి దిగాక లాలి వదిన ఎదురొచ్చి, "ఓరి సంతోషూ, నీ కాలు కాలుతుందిరా" అని అరిచింది. చూస్తే పాదం పొగలు కక్కుతోంది. మడమ దగ్గర రబ్బరు కరిగి సైలెన్సరుకు అంటుకుంది. నీకు గానీ గోపాలుకు గానీ నాకు గానీ తట్టలేదు. కాలున్నవాడికైతే మొదటి నిమిషంలోనే తెలిసిపోయేది. ఇక్కడ వెల్డింగు షాపులో జల్లెడ రేకు ఒకటి అడ్డం కొట్టించాను. కాలు కొత్తది కావాలి.

వ్యాపారం మొదలైంది. గూడేల్లో పిల్లలు శబ్దం విని ముందే పరిగెత్తుకొస్తున్నారు.

సంతోష్

*

ఖమ్మం,
20 మార్చి 2007.

సంతోష్‌కు,

పాదం గురించి దవాఖానాలో చెప్పాను. కొలత ఉంది కాబట్టి నువ్వు రానక్కర్లేదు.

తునికాకు సీజను దగ్గర పడుతోంది కదా. ఊరికే అడుగుతున్నాను. ఈ ఏడు కూడా మన వైపు ఆకు కొనే యూనిట్టు మురళీకృష్ణకే వచ్చిందా? ఆకు ఆరబెట్టే కల్లాలు తిరిగి కట్టలు లెక్కరాసే మనుషులకు ఎన్ని బండ్లు ఇస్తున్నాడు? వాటికి లైట్లున్నాయా? నంబరు ప్లేట్లున్నాయా? ముందు చక్రాలు ఇంకా ఆ పెద్దవేనా? బండ్లు ఆయన షెడ్డు నుంచి అడవికి ఏ దారిన పోతాయి, మెయిన్ రోడ్డు మీద ఎంత దూరం నడుస్తాయి?

నీకు చూడటానికి దారే కదా. వివరంగా రాయి.

అక్క

*

బద్యాతండా,
8 ఏప్రిల్ 2007.

అక్కకు,

ఊరికే అడిగే మనిషివి కావు నువ్వు. అయినా రాస్తున్నాను.

యూనిట్టు ఆయనదే. బండ్లు ఏడు. నంబరు ప్లేటు ఒక్కదానికీ లేదు. లైట్లు విప్పేసి షెడ్డులో మూలన పోశారు, కొమ్మలకు తగిలి పగులుతాయని. ముందు చక్రాలు అవే, బ్రేకులు లేవు. సైలెన్సర్లు కోసేశారు కాబట్టి మైలు దూరం నుంచే వినిపిస్తాయి. మెయిన్ రోడ్డు మీద చెక్‌పోస్టు దాటి రెండు మైళ్లు నడిచి ఎడమకు అడవిలోకి తిరుగుతాయి. ఇప్పుడు నా పని చేస్తున్నవాడు ఏన్కూరు పిల్లగాడు, పద్దెనిమిదేళ్లుంటాయేమో. నిన్న వాగు దగ్గర కలిశాడు. బ్రేకు లేదు జాగ్రత్తరా అంటే, "మెల్లగ పోత అన్నా" అన్నాడు. నేనూ మెల్లగానే పోయాను.

నువ్వేం చేయబోతున్నావో నాకు చెప్పకు. చెబితే ఆపాలనిపిస్తుంది.

సంతోష్

*

బద్యాతండా,
9 మే 2007.

అక్కా,

క్షేమసమాచారాలు రాయను. నేరుగా అడుగుతున్నాను. ఇది నీ పనేనా?

శనివారం చెక్‌పోస్టు దగ్గర ఏడు బండ్లూ పట్టుకున్నారు. పట్టుకున్న ఆఫీసరు చేతిలో ఒక కాగితం ఉందట. బండ్లు ఏ దారిన వస్తాయో, దేనికి ఏం లేదో వరసగా రాసి ఉందట. అంత వరసగా రాసే మనిషి నాకు ఒక్కరే తెలుసు.

మురళీకృష్ణ పరుగులు పెడుతుంటే చూసి నాకు సంతోషం కలగలేదని అబద్ధం చెప్పను. మామూలు బండ్లు రెండు పంపాడు. ఒకటి వాగు ఇసుకలో దిగబడింది, ఇంకోటి గుట్ట ఎక్కలేదు. కానీ అక్కా, లెక్క పడని కట్టకు కూలి లేదు. అది ఇక్కడి పద్ధతి, నీకు తెలియనిది కాదు. లెక్కరాసేవాడు రాక నాలుగు రోజులు ఆకు కల్లాల్లో పడి ఉంది. నిన్న గాలివాన కొట్టింది. గుట్ట అవతలి రెండు కల్లాల్లో ఆకు నల్లబడింది.

ఇవాళ పొద్దున లాలి వదిన తడిసిన కట్టలు గంపలో తెచ్చి మన వాకిట్లో కుమ్మరించింది. "మీ అక్క పట్నంల కూసుండి పగ తీర్చుకుంటది. నేను పొద్దుగాల మూడింటికి లేచి అడివికి వోయిన. నా పిల్లలేం దినాలె?" అంది. నేను ఏం చెప్పాలి? బాపు ఆ కట్టలు తీసి ఒక్కొక్కటే ఎండలో పెట్టాడు. ఇక అవి పనికిరావని ఆయనకూ తెలుసు.

మిగిలిన కల్లాల్లో ఆకు ఇంకా బాగుంది. మళ్లీ వాన వస్తే అదీ పోతుంది.

సంతోష్

*

ఖమ్మం,
11 మే 2007, శుక్రవారం.

సంతోష్‌కు,

నీ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపావు కాబట్టి నిన్ననే అందింది. ఇది కూడా అలాగే పంపుతున్నాను.

నా పనే. గ్రీవెన్సు రోజున కలెక్టరాఫీసులో వరసలో నిలబడి అర్జీ ఇచ్చాను. నీ ఏప్రిల్ ఉత్తరంలో ఉన్నదే మంచి కాగితం మీద రాశాను. దొంగతనం చేయలేదు, అబద్ధం రాయలేదు. నా బండికి చీర గార్డు లేకపోతే కదలనివ్వని చట్టం, ఆయన బండికి బ్రేకు లేకపోయినా ఎందుకు చూడదని అడిగాను. అంతే.

సీజను నడిమధ్యలో పట్టిస్తే బాగా తగులుతుందని లెక్క వేసి మరీ ఆ రోజులు ఎంచుకున్నాను. నిజమే. ఆయనకు నొప్పి తెలియాలి. నీ డ్రెస్సింగు మార్చేటప్పుడు నువ్వు నా చేయి కొరికావు, ఆ పంటిగాటు ఇంకా ఉంది. అది చూసుకుంటూ అర్జీ రాశాను. నాకు బాధ లేదు.

లాలి విషయంలో మాత్రం నా లెక్క తప్పింది. ఆకు తడుస్తుందని, ఆ తడి మొదట ఆడవాళ్ల కూలికే తగులుతుందని నేను ఆలోచించలేదు. అడవి ఒడ్డున పుట్టి కూడా ఆలోచించలేదు. ఆ రెండు కల్లాల కట్టల కూలి నాది. ఎవరివి ఎన్ని తడిశాయో లాలినే అడిగి రాసి పంపు. ఆమె చెప్పిన లెక్కే లెక్క, బేరం లేదు.

మిగతా కల్లాల సంగతి నీ చేతిలో ఉంది. గుట్ట ఎక్కే బండి, చెక్‌పోస్టు దాటే బండి ఇప్పుడు మండలంలో ఒక్కటే ఉంది. ఆ మురళీకృష్ణే నీ గుమ్మానికి వస్తాడు. వచ్చినప్పుడు ఏం అడగాలో నేను రాయను. కాలు నీది.

అక్క

*

బద్యాతండా,
17 మే 2007.

అక్కకు నమస్కారం.

వచ్చాడు.

ఆదివారం పొద్దున జీపులో దిగాడు. బావమరిదిని వెంట తెచ్చాడు. తండా అంతా బద్యా నాయక్ వాకిట్లో చేరింది. ఆకు ఏమవుతుందో తేల్చుకోవాలని ఆడవాళ్లే ముందు వచ్చారు. నాయక్ మంచం మీద కూర్చున్నాడు, నేను బండి దగ్గర నిలబడ్డాను.

మురళీకృష్ణ నా ముఖం చూడకుండా నాయక్‌తోనే మాట్లాడాడు. నాలుగు రోజులు బండి కిరాయికి కావాలి, మా వాడు తోలతాడు, ఎంతంటే అంత ఇస్తానన్నాడు. నేను, బండి నేను తప్ప ఎవరూ తోలలేరన్నాను. బావమరిది నవ్వాడు. "కుంటోడు తోలేది నేను తోలలేనా ఏంటి?" అన్నాడు. తాళం చెవి ఇచ్చేశాను. వెనక బ్రేకు ఎడమ బొటనవేలి కింద ఉందని, కుడికాలి దగ్గర ఏమీ లేదని రెండుసార్లు చెప్పాను. అందరూ విన్నారు.

బాగానే తీశాడు. నాయక్ ఇల్లు దాటి పల్లంలోకి దిగేటప్పుడు మేక అడ్డం వచ్చింది. మేము చూస్తుండగా అతని కుడికాలు లేని పెడల్‌ను తొక్కింది. మళ్లీ తొక్కింది. చేతులు గట్టిగా పట్టుకుని కాలితో గాలిని తొక్కుకుంటూ పోయి తుమ్మ కంచెలో పడ్డాడు. ఏమీ కాలేదు, ముళ్లు గీసుకున్నాయి. బండి అద్దం పగిలింది. మేక బాగుంది.

ఎవరూ నవ్వలేదు అక్కా. నవ్వుతారనుకున్నాను. బద్యా నాయక్ మంచం మీద నుంచి లేచి కంచె దాకా నడిచి, అతని నోటి దగ్గర వాసన చూశాడు. తర్వాత మురళీకృష్ణ వైపు తిరిగి, "నీ బామ్మర్ది తాగిండా?" అన్నాడు.

ఆయన జీపు వైపు ఒకడుగు వెనక్కి వేశాడు.

"కాలు తొక్కింది, బ్రేకు లేదు, పడ్డడు. నా కండ్ల ముంగట వడ్డడు. తాగలే. మరి ఆనాడు సంతోష్ తాగిండని దవాఖానల నాతోని ఎట్ల జెప్పినవు?"

లాలి వదిన ముందుకొచ్చి, "నాయకా, ఆకు మళ్ల తడుస్తది, జల్దీ అడుగు" అంది. నాయక్ మళ్లీ అడిగాడు. ఆ పిల్లగాడి బండికి ముందు బ్రేకు ఉండెనా లేకుండెనా, ఒక్క ముక్క చెప్పు అన్నాడు. మురళీకృష్ణ నేల చూస్తూ, "లేదు. మా షెడ్డులోనే తీసేశాం" అన్నాడు. వెనక ఉన్నవాళ్లకు వినపడలేదని బాపు అన్నాడు. బాపు అలా పది మందిలో గొంతెత్తడం నేను ఎప్పుడూ చూడలేదు. మురళీకృష్ణ రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

నాయక్ బాపు వైపు చెయ్యి చూపించి, అక్కడికక్కడే పాత తీర్పు తిప్పేశాడు. "దేవ్లా ఎడ్లు నేను తప్పు జేసి ఇప్పించిన. నువ్వు జత తెచ్చి కట్టెయ్యాలె. అయి అమ్ముకున్నవు గాబట్టి అసుంటియే తేవాలె. దేవ్లా పండ్లు జూసి ఒప్పుకోవాలె."

తర్వాత కల్లాలకు బయల్దేరాం. లెక్క పుస్తకం మురళీకృష్ణ దగ్గరే ఉంది, వేరే ఎవరికీ ఇవ్వడు. కాబట్టి ఆయనే నా వెనక కూర్చున్నాడు. మూడు రోజులు కూర్చున్నాడు. వాగులో దిగినప్పుడల్లా నా భుజం పట్టుకున్నాడు. ప్రతి గూడెంలో జనం బయటికొచ్చి చూశారు. నేను ఒక్క మాట మాట్లాడలేదు. రెండో రోజు గుట్ట దిగుతుంటే, "నెమ్మదిగా పోవయ్యా" అన్నాడు. రెండు బ్రేకులున్నయి సార్ అన్నాను. అదొక్కటే మాట్లాడింది.

ఆకంతా లెక్కపడింది. లాలి వదిన లెక్క ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఎడ్లు నిన్న వచ్చాయి. బాపు నోరు తెరిపించి పండ్లు చూసి ఒక ఎద్దును తిప్పి పంపాడు, ఇవాళ వేరేది తెచ్చారు.

ఆయన ఒకటి అడిగాడు. మీ అక్కతో చెప్పి అర్జీ వెనక్కి తీయించు, బండ్లు విడిపిస్తారు అని. నాకు ఆయన మీద ఇక కోపం లేదు. నువ్వేమంటావు?

సంతోష్

*

ఖమ్మం,
22 జూన్ 2007, శుక్రవారం.

ఇవాళ్టి పనులు: ఇల్లు కడగడం, గోధుమలు మరకు పంపడం, చిన్నదానికి కొత్త పుస్తకాల అట్టలు, ఆర్టీవో ఆఫీసు.

చిరంజీవి సంతోష్‌కు అక్క దీవెనలు.

నీకు కోపం పోయింది, మంచిది. ఎవరి కోపం వారిది. నాది నేను ఉంచుకున్నాను.

అర్జీ వెనక్కి తీయనని నీ చేత చెప్పించాక ఆయన మీ బావ దగ్గరికి పెద్దమనుషులను పంపాడు. వాళ్లకు టీ ఇచ్చాను. బండ్లు కావాలంటే నేను నిలబడ్డ వరసలోనే నిలబడమన్నాను. లైటు, హారను, నంబరు, సైలెన్సరు, చీర గార్డు, రెండు చక్రాలకూ బ్రేకు. ఒక్కటి తక్కువైనా బండి బయటికి రాకూడదు. ఇన్‌స్పెక్టరు గారు కూడా అదే అన్నారు.

అప్పటి నుంచి తనిఖీ ఉన్న రోజల్లా నేను టిఫిను డబ్బా పట్టుకుని మైదానం గోడ పక్క నీడలో కూర్చున్నాను. ఆయన నన్ను చూశాడు. పలకరించలేదు, నేనూ పలకరించలేదు. మొదటి బండిని మూడుసార్లు తిప్పి పంపారు. ఎండలో, ఆఫీసు తుడిచే మనిషి దగ్గర కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను ఉప్మా తిన్నాను. అంత రుచిగా ఉప్మా నేనెప్పుడూ చేయలేదు.

లాలికి, మిగతా ఆడవాళ్లకు కూలి ఆ వారమే బద్యా నాయక్ పేర మనియార్డరు చేశాను. ముట్టినట్టు లాలి వేలిముద్ర వేసి పంపింది. పక్కన ఎవరితోనో రాయించింది, "పుష్పా, ఇంకోసారి వాన జూసి పగ వట్టు" అని. ఆమె అన్నది న్యాయం.

ఇవాళ ఏడో బండి వచ్చింది. తోలుకొచ్చింది ఆ ఏన్కూరు పిల్లవాడు. ఇన్‌స్పెక్టరు గారు వేగంగా పోయి ముందు బ్రేకు ఒక్కటే వెయ్యమన్నారు. పిల్లవాడు మైదానం చివరి నుంచి వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. ముందు చక్రం సున్నం గీత మీద ఆగింది. పిల్లవాడు చేతిలోని పిడిని, చక్రాన్ని మార్చి మార్చి చూసుకున్నాడు. అడగకుండానే మళ్లీ ఒకసారి తోలి, మళ్లీ ఆపాడు.

పాసైంది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని పద్దుల పుస్తకం తీశాను. మురళీకృష్ణ పేరు కింద రెండేళ్ల కిందటి ఎండాకాలం నుంచి ఉన్న బాకీ ఈరోజుతో చెల్లు.

నీ అక్క,
పుష్ప